గ్లాసెడు ఉప్పు, గ్లాసెడు కారం - సమానమేనా?

వేసవి వచ్చింది. పట్నంలో కొత్తగా కాపురం పెట్టిన ఒక మనవరాలికి ఈ ఏడు ఆవకాయ తనే పెట్టాలని ముచ్చట పుట్టింది. ఊళ్ళో ఉన్న అమ్మమ్మకు ఫోను చేసి కొలత అడిగింది.

"అందులో ఏముందే! గ్లాసెడు కారం, గ్లాసెడు ఆవపిండి, గ్లాసెడు ఉప్పు. మూడూ సమానం. నాలుగు గ్లాసుల ముక్కలు" అన్నది అమ్మమ్మ.

మనవరాలికి అనుమానం వచ్చింది. అమ్మమ్మ గ్లాసు ఎంతో, తన గ్లాసు ఎంతో! అందుకని, "ఆ గ్లాసెడు కారం ఒక్కసారి తూయించి చెప్పు అమ్మమ్మా" అని అడిగింది. కారం 100 గ్రాములు తూగింది. "మూడూ సమానమే కదా" అనుకుని మనవరాలు కారం 100 గ్రాములు, ఆవపిండి 100 గ్రాములు, ఉప్పు 100 గ్రాములు తూచి కలిపింది. నూనె పోసింది. జాడీకి వాసెన కట్టింది.

నెల తిరగకుండానే జాడీలో తెల్లగా బూజు పట్టింది.

మరి తప్పు ఎక్కడ జరిగింది? అమ్మమ్మ అబద్ధం చెప్పలేదు. మనవరాలు తప్పుగా తూచలేదు. ఇద్దరూ "సమానం" అన్న మాటనే వాడారు. కాని అమ్మమ్మ మాటకు "చోటులో సమానం" అని అర్థం. మనవరాలు దాన్ని "బరువులో సమానం" అనుకున్నది. ఈ రెండూ ఒకటి కావు. ఎందుకు కావో, ఒకదాని నుంచి మరొకటి ఎలా లెక్కకట్టాలో ఇప్పుడు తెలుసుకుందాం.

నీళ్ళు నేర్పిన తప్పు

ఒక వస్తువు ఎంత చోటు ఆక్రమిస్తుందో అది దాని ఘనపరిమాణం. దీన్ని లీటర్లలో, మిల్లీలీటర్లలో కొలుస్తాం. ఆ వస్తువులో ఎంత పదార్థం ఉందో అది దాని ద్రవ్యరాశి. వంటింట్లో మనం "బరువు" అనేది దీన్నే. దీన్ని గ్రాముల్లో చెబుతాం.

ఒక లీటరు నీళ్ళు ఒక కిలో తూగుతాయని మీకు తెలుసు. ఇది కాకతాళీయం కాదు. 1795లో ఫ్రాన్సు దేశంలో మెట్రిక్ కొలతలను ఏర్పాటు చేసినప్పుడు, ఒక ఘన సెంటీమీటరు నీటి బరువునే గ్రాము అన్నారు. గ్రాము పుట్టిందే నీటి నుంచి. అందువల్ల నీటికి మాత్రం మిల్లీలీటరు అన్నా, గ్రాము అన్నా దాదాపు ఒకటే.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. నీటితో అలవాటు పడిన మనం అన్నిటికీ అంతే అనుకుంటాం. కాని నూనె సంగతి చూడండి. మీ ఇంట్లో ఉన్న లీటరు నూనె పొట్లాన్ని తిప్పి అక్షరాలు చదవండి. లీటరు అన్న మాట పక్కనే సుమారు 910 గ్రాములని కనిపిస్తుంది. లీటరు నూనె కిలో తూగదు! అందుకే నూనె నీటిమీద తేలుతుంది. తేనె దీనికి తారుమారు. లీటరు తేనె సుమారు 1,400 గ్రాములు తూగుతుంది. గ్లాసులో నీళ్ళు పోసి పైనుంచి తేనె చుక్క వేస్తే అది నేరుగా అడుగుకు దిగుతుంది.

ఒక మిల్లీలీటరు చోటులో ఎన్ని గ్రాముల పదార్థం ఉందో చెప్పే అంకెను సాంద్రత అంటారు. నీటి సాంద్రత 1. నూనెది సుమారు 0.91. తేనెది సుమారు 1.4.

ఈ సాంద్రత వేడికి కూడా మారుతుంది. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది. అప్పుడు అదే లీటరులో తక్కువ నూనె పడుతుంది. సోయాబీన్ నూనె లీటరు 21 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర 919 గ్రాములు ఉంటే, 60 డిగ్రీల దగ్గర దాదాపు 893 గ్రాములే ఉంటుంది. కొన్ని పొట్లాల మీద "60 డిగ్రీల దగ్గర లీటరు" అని రాసి అమ్మేవారు. ఉష్ణోగ్రత పేరు చెప్పకుండా ఘనపరిమాణం, బరువు రెండూ సరిగా ముద్రించాలని 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆదేశించింది. సాంద్రత పాఠం బడిలోనే కాదు, బజారులోనూ పనికివస్తుందన్నమాట!

గ్లాసులో సగం గాలి

ద్రవాల సంగతి తేలికే. గింజలు, పిండ్లు అంత తేలికగా లొంగవు. ఎందుకో ఒక ప్రయోగం చేసి చూడండి.

200 మిల్లీలీటర్లు పట్టే గ్లాసు తీసుకోండి. అంచుదాకా బియ్యం పోసి, పైన చదును చేయండి. గ్లాసు నిండింది కదా! ఇంకేమీ పట్టదు కదా! ఇప్పుడు కొలపాత్రలో ఉన్న నీటిని మెల్లగా అందులో పోయండి. బియ్యం నానకముందే త్వరగా పోయాలి. నీళ్ళు గింజల మధ్య నుంచి కిందికి జారిపోతూనే ఉంటాయి. 80 మిల్లీలీటర్లు, ఆ పైన కూడా పడతాయి.

ఆ నీళ్ళు పట్టిన చోటులో ఇంతకుముందు ఏమున్నది? గాలి! "గ్లాసెడు బియ్యం" అని మనం అంటున్నదానిలో ఐదింట రెండు వంతుల పైచిలుకు గాలే.

ఉప్పు కూడా అంతే. గట్టి ఉప్పు స్ఫటికం సాంద్రత 2.16. కాని మెత్తని ఉప్పు గ్లాసులో పోసి తూస్తే మిల్లీలీటరుకు సుమారు 1.2 గ్రాములే వస్తుంది. అంటే గ్లాసులో నూటికి 56 వంతులు ఉప్పు, మిగిలినది గాలి. పంచదార స్ఫటికం సాంద్రత 1.59. గ్లాసులో పోస్తే 0.85. ఇక్కడా సగానికి కాస్త పైన మాత్రమే పంచదార. గాలితో కలిపి లెక్కకట్టే ఈ సాంద్రతను స్థూల సాంద్రత అంటారు. వంటింటి లెక్కలకు కావలసింది ఇదే.

బండ్లమీద నారింజపండ్లను గోపురంలా పేర్చడం మీరు చూసే ఉంటారు. గుండ్రని వస్తువులను ఎంత నేర్పుగా పేర్చినా, చోటులో నూటికి 74 వంతులకు మించి నింపలేమని యోహానెస్ కెప్లర్ 1611లో ఊహించాడు. గ్రహాల కక్ష్యలను కనిపెట్టిన కెప్లరే ఈయన. పండ్ల వర్తకుడికి చేతితో తెలిసిన ఈ సంగతిని గణితంతో రుజువు చేయడానికి దాదాపు నాలుగు వందల ఏళ్ళు పట్టింది. థామస్ హేల్స్ అనే గణితశాస్త్రజ్ఞుడు 1998లో కంప్యూటరు సహాయంతో రుజువు చేశాడు. ఒక్కొక్కటే పేర్చకుండా ఊరికే పోస్తే మాత్రం నిండేది నూటికి 60, 64 వంతులే.

ఇందులో ఒక తమాషా ఉంది. ఒక పెద్ద డబ్బా నిండా గాజు గోళీలు పోశారు. అలాంటి మరో డబ్బా నిండా అదే గాజుతో చేసిన ఆవగింజంత పూసలు పోశారు. ఏ డబ్బా బరువు? "చిన్నవి దగ్గరగా సర్దుకుంటాయి కనుక పూసల డబ్బాయే బరువు" అని చాలామంది అంటారు. కాని రెండూ దాదాపు సమానంగానే తూగుతాయి! పూసలు చిన్నవైతే సందులూ చిన్నవే. కాని సందుల సంఖ్య పెరుగుతుంది. అందుచేత మొత్తం గాలి వంతు మారదు.

పిండి ఎందుకు మోసం చేస్తుంది?

అలాగైతే పిండి కూడా అంతే ఉండాలి కదా? ఉండదు. గ్లాసెడు గోధుమపిండి సుమారు 105 గ్రాములే తూగుతుంది. లెక్క చూస్తే గ్లాసులో మూడోవంతు చిల్లర మాత్రమే పిండి. మిగిలినదంతా గాలి.

దీనికి కారణం ఇది. బియ్యపుగింజ బరువు దాన్ని కిందికి లాగి, సందులో కూర్చోబెడుతుంది. పిండి రేణువు మరీ చిన్నది. దాని బరువు కంటే పక్క రేణువులు దాన్ని అంటిపెట్టుకుని ఉండే బలమే ఎక్కువ. అందుచేత రేణువులు ఒకదానినొకటి పట్టుకుని, చిన్నచిన్న వంతెనల్లా నిలబడిపోతాయి. వంతెనల కింద గాలి చిక్కుకుంటుంది. పిండి గుప్పిట్లో నొక్కితే ముద్దలా నిలుస్తుంది. బియ్యం నొక్కితే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. ఇదే కారణం.

ఈ వంతెనలు బలహీనమైనవి. గ్లాసును నాలుగుసార్లు బల్లకు తట్టితే కూలిపోతాయి. జల్లిస్తే మళ్ళీ ఏర్పడతాయి. మీరే చూడండి. పిండి జల్లించి, గ్లాసులో తేలికగా నింపి తూయండి. తరువాత గ్లాసును తట్టుతూ, కిందికి దిగినకొద్దీ మళ్ళీ పిండి వేస్తూ నింపి తూయండి. గ్లాసు అదే, పిండి అదే. బరువు మాత్రం ఎంతో పెరుగుతుంది. పిండిని గ్లాసుతో కొలవడం కంటే తూచడమే ఎందుకు మంచిదో ఇప్పుడు తెలిసింది కదా!

గోపురం లెక్క

మన తాతలు గింజలను తూచేవారు కారు, కొలిచేవారు. గిద్దె, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం - ఇవన్నీ చోటు కొలతలే. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. బెల్లం, చింతపండు వంటివి మాత్రం వీశల్లో తూచేవారు. వీశ అంటే 120 తులాలు, సుమారు 1,400 గ్రాములు.

కొలతలో ఒక తగవు ఉండేది. కుంచం పైన గోపురంలా పోయాలా, చేతితో చదునుగా కొట్టేయాలా? గోపురం చిన్నదే కదా అనుకోవద్దు. ఒకే పరిమాణం పట్టే రెండు పాత్రలు ఉన్నాయనుకోండి. ఒకదాని మూతి 7 సెంటీమీటర్ల వెడల్పు. రెండోదాని మూతి 14 సెంటీమీటర్లు. చదునుగా కొలిస్తే రెంటిలోనూ ఒకటే బియ్యం. గోపురంతో కొలిస్తే? బియ్యపు రాశి వాలు ఎక్కడైనా ఒకటే. కనుక మూతి రెండింతలైతే గోపురం ఎత్తూ రెండింతలవుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెండింతలు. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. చిన్న మూతి మీద గోపురం 30 మిల్లీలీటర్లయితే పెద్ద మూతి మీద 240! సన్నమూతి పాత్రతో అప్పిచ్చి వెడల్పుమూతి పాత్రతో వసూలు చేసుకుంటే, పాత్రలు రెండూ "సరైనవే" అయినా రైతు నష్టపోయినట్టే.

పైగా సోల, మానిక ఊరూరికీ మారేవి. అందుకే దేశమంతటికీ ఒకే కొలతలు ఉండాలని 1956లో పార్లమెంటు చట్టం చేసింది. 1958 అక్టోబరు నుంచి కిలోలు, గ్రాములు దశలవారీగా అమలులోకి వచ్చాయి. గింజలు కొలవడం పోయి తూచడం వచ్చింది. వంటింట్లో మాత్రం గ్లాసు, గిన్నె, చెంచా నిలిచిపోయాయి.

చెంచా మీద ప్రాణం

గోపురం లెక్క చెంచాకూ వర్తిస్తుంది. తలతట్టిన చెంచా, అంటే చదునుగా కొట్టిన 5 మిల్లీలీటర్ల చెంచా, ఉప్పు 6 గ్రాములు పడుతుంది. రాశిగా తీస్తే దాదాపు రెండింతలు పట్టవచ్చు. కూరలో అయితే ఉప్పు ఎక్కువైందని నీళ్ళు పోస్తాం. కాని ఒకచోట ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది.

విరేచనాలతో శరీరంలో నీరు పోయిన బిడ్డకు ఉప్పు-పంచదార నీళ్ళు తాగిస్తారని మీకు తెలుసు. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే పొట్లం అన్నిటికంటే మంచిది. అది దొరకనప్పుడు ఇంట్లో చేసుకునే కొలత ఇది: కాచి చల్లార్చిన నీళ్ళు ఒక లీటరు, చదునుగా కొట్టిన చిన్న చెంచాలు ఆరు పంచదార, అరచెంచా ఉప్పు. ఈ లెక్కన సుమారు 25 గ్రాముల పంచదార, 3 గ్రాముల ఉప్పు పడతాయి. ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డ రక్తంలో ఉప్పు ప్రమాదకరంగా పెరుగుతుంది. పంచదార ఎక్కువైతే పేగుల్లోకి నీరు లాగి విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. "చదునుగా కొట్టిన" అన్న చిన్న మాటకు ఇంత విలువ!

త్రాసు లేని ఇళ్ళలో ఏం చేయాలి? 1980లో బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ ఈ ప్రశ్నకు జవాబు వెతికింది. అక్కడి కార్యకర్తలైన మహిళలు ఇల్లిల్లూ తిరిగి తల్లులకు నేర్పింది ఇది: మూడు వేళ్ళతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర శేరు నీళ్ళు. తల్లులు కలిపిన నీటిలో ఉప్పు సరిగ్గా ఉన్నదో లేదో పరీక్షించి చూశారు. పదేళ్ళలో కోటీ ఇరవై లక్షల ఇళ్ళకు ఈ పాఠం చేరింది. చిటికె, గుప్పెడు కూడా కొలతలే. ఒకసారి త్రాసుతో సరిచూసుకుంటే చాలు, వాటిని నమ్మవచ్చు.

మీ ఇంటి పట్టిక

200 మిల్లీలీటర్ల గ్లాసు నిండా చదునుగా పోస్తే సుమారుగా తూగే బరువులు ఇవి:

నీళ్ళు - 200 గ్రాములు
పాలు - 206 గ్రాములు
నూనె - 183 గ్రాములు
తేనె - 285 గ్రాములు
మెత్తని ఉప్పు - 240 గ్రాములు
పంచదార - 170 గ్రాములు
కందిపప్పు - 170 గ్రాములు
బియ్యం - 165 గ్రాములు
బొంబాయి రవ్వ - 140 గ్రాములు
గోధుమపిండి - 105 గ్రాములు
కారం - 100 గ్రాములు
ఆవపిండి - 90 గ్రాములు
శనగపిండి - 80 గ్రాములు
మరమరాలు - 15 గ్రాములు

గింజల రకాన్ని బట్టి, మర మెత్తదనాన్ని బట్టి ఇవి కొంత అటూ ఇటూ అవుతాయి. అందుకని మీ పట్టిక మీరే తయారు చేసుకోండి. ముందుగా మీ గ్లాసు ఎంత పడుతుందో తెలియాలి. ఖాళీ గ్లాసు తూచి, నీళ్ళు నింపి మళ్ళీ తూయండి. తేడా ఎన్ని గ్రాములో గ్లాసు అన్ని మిల్లీలీటర్లు. తరువాత ఒక్కొక్క సరుకూ నింపి తూచి రాసుకోండి. ఆ కాగితం వంటింటి తలుపుకు అంటించండి.

లెక్క చాలా సులభం. గ్రాముల నుంచి గ్లాసులకు రావాలంటే గ్లాసు బరువుతో భాగించండి. గ్లాసుల నుంచి గ్రాములకు రావాలంటే గ్లాసు బరువుతో గుణించండి. ఉదాహరణకు, 250 గ్రాముల పంచదార కావాలి, త్రాసు లేదు. 250ని 170తో భాగిస్తే 1.47. అంటే ఇంచుమించు గ్లాసున్నర.

పుస్తకం చూసి వండేటప్పుడు "కప్పు" అన్న మాటతో జాగ్రత్త. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియా కప్పు 250. విద్యుత్తు కుక్కరుతో వచ్చే చిన్న కప్పు సాధారణంగా 180. ఇది "గో" అనే జపాను వారి పాత బియ్యపు కొలత.

మరి "గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు" అన్నప్పుడు ఏ గ్లాసైనా అన్నం సరిగానే ఉడుకుతుందే! అవును. అన్నీ ఒకే పాత్రతో కొలిచినంతసేపూ మార్పిడి అవసరమే లేదు. అన్నీ త్రాసుతో తూచినా చిక్కులేదు, ఆ కొలత తూకంలో చెప్పినదైతే. ఒక పద్ధతిలో చెప్పినదాన్ని మరో పద్ధతిలోకి మార్చేటప్పుడే ఒక్కొక్క సరుకుకూ దాని అంకె కావాలి.

ఇప్పుడు ఆవకాయ జాడీ దగ్గరకు వద్దాం. అమ్మమ్మ గ్లాసెడు కారం 100 గ్రాములు. అదే గ్లాసెడు ఉప్పు? పట్టిక చూడండి, 240 గ్రాములు! మనవరాలు వేసింది 100. వేయవలసిన ఉప్పులో సగం కూడా పడలేదు. ఉప్పు బూజు కణాలలోని నీటిని బయటికి లాగి వాటిని పెరగనివ్వదు. కాపలా తగ్గింది, బూజు వచ్చింది. ఆవపిండి 90కి బదులు 100 పడినందువల్ల పెద్ద నష్టమేమీ లేదు. జాడీని పాడుచేసింది ఒక్క ఉప్పే.

పై ఏడు మనవరాలు అమ్మమ్మకు ఫోను చేసి అడగవలసిన ప్రశ్న ఏమిటో ఇప్పుడు మీరే చెప్పగలరు: "సమానమంటే ఎందులో సమానం అమ్మమ్మా? చోటులోనా, బరువులోనా?"

మీరు చేయవలసిన లెక్కలు

1. అర గ్లాసు తేనె ఎన్ని గ్రాములు?
2. ఉప్మాకు అరకిలో బొంబాయి రవ్వ కావాలి. ఎన్ని గ్లాసులు పోయాలి?
3. 30 గ్రాముల మరమరాలకు ఎన్ని గ్లాసులు కావాలి? అదే బరువు బియ్యం గ్లాసులో ఎంత భాగం వస్తుంది?

(జవాబులు: 1. సుమారు 142 గ్రాములు. 2. సుమారు మూడున్నర గ్లాసులు. 3. రెండు గ్లాసులు, బియ్యం గ్లాసులో ఐదోవంతు కంటే కొద్దిగా తక్కువ.)